తువాలు కింద తూకం

దామలచెరువు మండీలో
చెంగల్రాయులు నాలుక మూడు దారుల్లో నడుస్తుంది.
సేలం వ్యాపారికి అరవం, కోలారు లారీకి కన్నడం,
తోట నుంచి దిగొచ్చిన రైతుకి మన తెలుగు.
"దుబాసి లేకుంటే కాయ కదలదు పాపా" అంటాడు
కమీషను జేబులో దోపుకుంటా.
నవ్వుతాను.
నా కోడు కిందా ఒక దుబాసి ఉన్నాడు.

కాటా లెక్క ఒక్కసారే రాశాను.
ఆఫీసులో దుమ్ము తినే డబ్బాలో నడిచింది,
వేబ్రిడ్జి పక్క రేకుల గదిలో, అరచేతంత పెట్టెలో నడిచింది,
డ్రైవరు పగిలిన ఫోనులోనూ నడిచింది.
మూడు యంత్రాలు, మూడు యాసలు.
నడుమ కూర్చుని నా మాటను
వాటి వాటి మాటల్లోకి తిప్పేవాడు వాడు.
కొంచెం నిదానం. మెమరీ కొంచెం ఎక్కువే తింటాడు.
పోనీలే, అన్ని ఊళ్ళకీ ఒకే బస్సు పాసు దొరికితే
సీటు మెత్తగా లేదని ఎవరేడుస్తారు?
పదకొండు మండీలు. ఒకే కోడు.
కాస్త పొగరొచ్చిన మాట నిజం.

బంగారుపాళెంలో మాత్రం గోవిందస్వామి గారి కాటా.
ఇరవై ఆరేళ్ళ కిందట
ఆ ఒక్క చిప్పు కోసం, ఆ ఒక్క చిప్పు భాషలో
అంకె అంకె గుచ్చి రాసింది.
లారీ ఎక్కీ ఎక్కకముందే బరువు చెప్పేస్తుంది.
ఇంకో పెట్టెలో పెడితే గుడ్డిది, మూగది.
తీసేద్దాం సార్ అన్నాను.
ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని,
"నా చెప్పు నా కాలికే పడతాదమ్మా,
దొంగోడు ఏసుకుంటే ఈడ్చుకుంటా పోవాల" అన్నాడు.

జూన్ పంతొమ్మిది.
తోతాపురి లారీలు రైల్వే గేటు దాకా నిలబడ్డ రాత్రి.
ఎవరో, ఏ ఊరో, ఏ దేశమో,
నా కోడు ముట్టుకోలేదు, నా తాళం కదిలించలేదు.
దుబాసి చెవి కొరికారు, అంతే.
లారీకి నూట నలభై కిలోలు తక్కువ.
పదకొండు చోట్లా, ఒకే నిమిషం, అదే నూట నలభై.
నేనెక్కడికి వెళ్ళగలిగానో
వాడూ అక్కడికల్లా నా పాసు మీదే వెళ్ళాడు.

తవణంపల్లె కుప్పమ్మ చీటీ పట్టుకుని నిలబడింది.
"తోటలో లెక్కేసినాను పాపా.
ఏడు గంపలు యాడికి పోయినాయి దారిలో?"
నా దగ్గర చాలా పదాలున్నాయి.
వాటిని ఆమెకు తిప్పి చెప్పే దుబాసి లేడు.

బంగారుపాళెం కాటా మాత్రం నిక్కచ్చిగా తూచింది.
గోవిందస్వామి గారు గెలిచారని రాసి
ఇక్కడ ఆపేయొచ్చు. ఆపలేను.
ఆ మంగళవారమే
పద్నాలుగు చక్రాల బండి ఎక్కింది దాని మీద.
అంత బండిని అది పుట్టి ఎరగదు.
ముప్పై రెండు వేల ఏడువందల అరవై ఏడు దాకా బుద్ధిగా లెక్కపెట్టి
ఇంకొక్క కిలో పడగానే
అంకె బోర్లా పడింది.
మైనస్ ముప్పై రెండు వేల ఏడువందల అరవై ఎనిమిది!
మామిడికాయలే మండీకి బాకీ.
క్లీనరు నవ్వలేక రేకు తలుపు పట్టుకున్నాడు.
గిన్నె నిండితే ఆపే అలవాటు ఆ భాషకు లేదు,
ఎవరినీ అడగదు, పొంగిపోతుంది.
నా దుబాసి అయితే అక్కడే చెయ్యి పట్టుకునేవాడు.

నా చిల్లుకు అతుకు
తెల్లారేలోగా పదకొండు చోట్లా పడింది,
చిల్లు పోయిన దారిలోనే.
ఆయన చిల్లుకు ఆయనే కావాలి.
ఆయనేమో మోకాళ్ళు కోయించుకుని వేలూరు ఆసుపత్రిలో.
ఇరవై రెండు రోజులు
పెద్ద బండ్లు అక్కడ సగం సగంగా తూగాయి.

చెంగల్రాయులుని అడిగాను,
నీ నాలుకను ఎవరైనా కొనేస్తే?
"అందుకే గదా ఇది" అని
భుజం మీది తువాలు తీసి నా చేతి మీద కప్పాడు.
"అరుపులన్నీ నావి. ధర మాత్రం
రైతు వేళ్ళకీ సేలం వేళ్ళకీ మధ్య, దీని కింద.
నాకూ తెలీదు."

తన చెయ్యి కూడా లోపలికి తెచ్చి,
ఊ, చెప్పు అన్నాడు.
నా వేళ్ళు ఏడు అని చెప్పబోయాయి.
ఒక చెయ్యి చాలలేదు.